తొమ్మిదో తరగతివాళ్ల పండగ



మీలో పదో తరగతి పాసైనవాళ్లు తీరిక చూసుకుని మీ పాత మెమో ఒకసారి బయటికి తీయండి. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, మార్కులు అన్నీ ఉంటాయి. వాటితోపాటు గుర్తింపు కోసమని రెండు పుట్టుమచ్చలు కూడా రాసి ఉంటాయి. ఎడమ చెంప మీద ఒకటి, కుడి మోచేతి కింద ఒకటి, ఇలాగ. అవి రాసిన రోజు క్లాసులో ఎంత గోలయ్యేదో గుర్తుందా? క్లాస్ టీచరు నామినల్ రోల్సు ముందేసుకుని ఒక్కొక్కరినే పిలుస్తారు. మొదటి మచ్చ తేలిగ్గానే దొరుకుతుంది. రెండోది దొరకదు. ఇక పక్కబెంచీవాళ్లు లేచి వెతకడం మొదలుపెడతారు. "సార్, వీడి మెడ వెనక ఉంది సార్!" ఏమీ దొరకనివాడికి చిన్నప్పుడు సైకిల్ మీంచి పడ్డప్పటి గాటే దిక్కు.

నవ్వులాటలా కనిపిస్తుంది కానీ, ఆ రోజు టీచరుకు గుండె దడగానే ఉంటుంది. ఇంటిపేరు ముందు రాయాలా వెనక రాయాలా, ఇంగ్లీషు స్పెల్లింగులో అక్షరం తగ్గిందా పెరిగిందా, ఆధార్‌లో ఉన్న తేదీ అడ్మిషన్ రిజిస్టరులో ఉన్న తేదీ ఒకటేనా? ఆ కాగితమే రేపు పాస్‌పోర్టుకు, ఉద్యోగానికి సాక్ష్యం. సర్కారు కొలువులో చేరే తేదీ మన చేతిలో ఉండదు గానీ, దిగిపోయే తేదీ మాత్రం పదో తరగతిలోనే ఖాయమైపోతుంది.

నేను జిల్లా పరిషత్ హైస్కూలులో తెలుగు పంతులుగా చేరి, హెడ్మాస్టరుగా దిగిపోయినవాణ్ణి. నా మటుకు నాకు బడిలో ఏడాది ముగింపు ఆ పుట్టుమచ్చల రోజుతోనే మొదలయ్యేది. సంక్రాంతి సెలవులకు వెళ్లొచ్చేసరికి గాలి మారిపోతుంది. పదో తరగతికి పాఠాలైపోయి పునశ్చరణ మొదలవుతుంది. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట ప్రత్యేక తరగతులు, ఫిబ్రవరిలో ప్రీఫైనల్, మార్చిలో అసలు పరీక్షలు. ఈ హడావుడిలోనే స్వపరిపాలన దినోత్సవం, సైన్సు దినోత్సవం, వార్షికోత్సవం, వీడ్కోలు సభ ఒకదాని వెంట ఒకటి తోసుకొస్తాయి. "పరీక్షలు నెత్తిమీదుంటే ఈ పండగలెందుకండీ" అని అడిగే తల్లిదండ్రులున్నారు. టీచర్లలోనూ ఉన్నారు. ఎందుకో చెప్పడానికే ఈ పూట మీ ముందుకొచ్చాను.

స్వపరిపాలన దినోత్సవం సంగతి ముందు చెబుతాను. కొన్ని బడుల్లో దీన్ని సెప్టెంబరు 5న చేస్తారు. చాలాచోట్ల పదోతరగతి పిల్లలు వెళ్లిపోయే ముందు ఫిబ్రవరిలో చేస్తారు. ఆ రోజు వాళ్లే టీచర్లు, వాళ్లే హెడ్మాస్టరు. ఊపు ఎక్కువైతే ఒకరు ఎంఈఓ, ఒకరు డీఈఓ, ఒకరు ఏకంగా కలెక్టరు. ముందు రోజు రాత్రి ఊళ్లో ఎన్ని ఇళ్లలో బీరువాలు తెరుచుకుంటాయో లెక్కలేదు. అమ్మ పట్టుచీర, పిన్ని గాజులు, అక్క హ్యాండుబ్యాగు. చీర కట్టడం వచ్చిన పిల్ల ఒక్కతే ఉంటే, ఆ పిల్ల తెల్లవారుజామునే లేచి పదిమందికి కుచ్చిళ్లు సర్దాలి. మగపిల్లలకు తెల్లచొక్కా టక్ చేసి, జేబులో రెండు పెన్నులు పెట్టుకుంటే చాలు, సారైపోయినట్టే.

ఆ రోజు నేను వరండాలో నిలబడి ఒక్కటే చూసేవాణ్ణి, ఈ కొత్త టీచర్లు క్లాసులోకి అడుగుపెట్టగానే మొదట ఏం చేస్తారా అని. కొందరు సుద్దముక్క తీసుకుంటారు. కొందరు హాజరు పుస్తకం తెరుస్తారు. కొందరి చెయ్యి తిన్నగా బెత్తం కోసం వెతుకుతుంది. బడిలో పిల్లల్ని కొట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టం పదిహేడో సెక్షన్‌లో రాసుంది. ఆ చట్టం స్టాఫ్‌రూములోకి ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవాలంటే తనిఖీ బృందం అక్కర్లేదు, స్వపరిపాలన రోజున పిల్లల చేతులు చూస్తే సరిపోతుంది. మా గొంతులు, మా దగ్గులు, కళ్లద్దాల పైనుంచి చూసే మా చూపులు అన్నీ వాళ్ల దగ్గర భద్రంగా ఉంటాయి. కొందరు సార్లు ఆ మధ్యాహ్నం స్టాఫ్‌రూములోంచి బయటికి రాకపోవడానికి కారణం అదే.

ఇంకో వింత కూడా కనిపిస్తుంది. ఏడాదంతా లెక్కల క్లాసులో నోరు మెదపని కుర్రాడు ఆరోతరగతికి వెళ్లి భిన్నాల కూడిక చక్కగా చెప్పేస్తాడు. ఎలా వచ్చిందిరా అంటే, "రాత్రి మా చెల్లెలికి చెప్పి చూసుకున్నాను సార్" అంటాడు. ఆరోతరగతి పిల్లలు తెలివైనవాళ్లు, ఈ ఒక్కరోజు టీచరును ఎంతవరకు ఆడించొచ్చో వాళ్లకు తెలుసు. అడగకూడని ప్రశ్నలన్నీ ఆ రోజే అడుగుతారు. ఆ దెబ్బకు మా కష్టం పదోతరగతివాళ్లకు కొంచెం తెలిసొస్తుంది. ఇక ఆ రోజు హెడ్మాస్టరు అయిన అమ్మాయి మధ్యాహ్న భోజనం వండాక ముందుగా రుచి చూసి రిజిస్టరులో సంతకం పెట్టాలి. ఒక ఏడాది ఆ అమ్మాయి సంతకం పెట్టనంది. పప్పులో ఉప్పు లేదంది. ఉప్పు పడేదాకా గంట కొట్టనివ్వలేదు. అదీ స్వపరిపాలనంటే.

సైన్సు దినోత్సవం గురించి రెండు ముక్కలే. సర్ సి. వి. రామన్ తన పరిశోధన ఫలితాన్ని 1928 ఫిబ్రవరి 28న కనుక్కున్నారు కాబట్టి 1987 నుంచి ఆ తేదీన దేశమంతా జరుపుకొంటున్నాం. ఆయన బడిచదువు మన విశాఖపట్నంలో సాగింది, పదకొండేళ్లకే మెట్రిక్యులేషన్ పాసయ్యారు. ఈ మాట పిల్లలకు చెబితే థర్మకోల్ అగ్నిపర్వతాలు చేసేవాళ్లు ఒక్క క్షణం ఆగి తలెత్తి చూస్తారు.

వార్షికోత్సవం దగ్గరికి వద్దాం. పిల్లల నోట దీని పేరు యానివర్సరీ. కొత్త భవనాలున్న బడుల్లో స్టేజీ ఉంటుంది. లేనిచోట నాలుగు వరసల బెంచీలు దగ్గరికి జరిపి, కాళ్లకు కాళ్లు తాళ్లతో కట్టి, పైన జంపఖానా పరిస్తే అదే స్టేజీ. మధ్యలో ఒక సందు ఎక్కడో ఉంటుంది, కోలాటంలో ఎవరి కాలో అందులో పడుతుంది. పడ్డ పిల్ల లేచి అడుగు కలుపుకుంటే చప్పట్లు రెట్టింపు. అరకు వైపు బడుల్లో థింసా, ఆదిలాబాద్ వైపు గుస్సాడీ, ఇంకోచోట లంబాడీ ఆట, ఎక్కడి నేల పాట అక్కడి స్టేజీ మీదికి వస్తుంది. సినిమా పాటలు ఎలాగూ ఉంటాయి, వద్దంటే దొంగచాటుగా వస్తాయి. నా పక్షపాతం మాత్రం నాటికకే. నాటికలో వేషం వేసేవాళ్లు ఆరుగురుంటే తెర వెనక పనిచేసేవాళ్లు పన్నెండుమంది కావాలి. మాటలు అందించేవాడు ఒకడుండాలి. మైకు ముందు నిలబడాలంటే వణికిపోయే పిల్లవాడే ఈ పనిలో ఘనుడు. అందరి మాటలూ వాడికి కంఠతా వస్తాయి.

బహుమతులంటే మా రోజుల్లో స్టీలు గ్లాసు, పెద్దదైతే స్టీలు పళ్లెం. ఇప్పుడు బంగారు రంగు ప్లాస్టిక్ కప్పులొచ్చాయి. ఆ పళ్లెంలో కనీసం అన్నం తినేవాళ్లం.

ఈ ఉత్సవానికి పట్టిన పీడ ఒకటుంది. అదేమిటంటే అతిథులు. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి. అందరికీ శాలువా, అందరికీ దండ, అందరి చేతిలో మైకు. సాయంత్రం నాలుగింటికి ముఖాలకు రంగు వేసుకున్న పిల్లలు తొమ్మిదింటిదాకా తరగతిగదిలో చెమటలు కక్కుతూ, మంచినీళ్లు తాగితే లిప్‌స్టిక్ పోతుందని దప్పికతో కూర్చుంటారు. వాళ్ల వంతు వచ్చేసరికి ముందు వరసలో నిద్ర, వెనక వరసలో ఖాళీ. నేను హెడ్మాస్టరు అయ్యాక వరస తిప్పేశాను. ముందు పిల్లల ఆటపాటలు, మధ్యలో వార్షిక నివేదిక, చివర్లో ప్రసంగాలు. కొందరు పెద్దమనుషులు అలిగారు. ప్రసంగాలు మాత్రం వాటంతటవే పొట్టివయ్యాయి.

ఇక అసలు విషయం వీడ్కోలు సభ. మన పిల్లల మాటలో ఫేర్‌వెల్. ఇది పదోతరగతివాళ్ల పండగ అని అందరూ అనుకుంటారు. పువ్వు ఇచ్చేది వాళ్లకి, బొట్టు పెట్టేది వాళ్లకి, కన్నీళ్లు వాళ్లవి, ఫొటోలు వాళ్లవి. నన్నడిగితే ఇది తొమ్మిదో తరగతివాళ్ల పండగ. ఈ సభను పుట్టించేదీ నడిపించేదీ వాళ్లే. అప్పటిదాకా బడిలో తొమ్మిదోతరగతి అంటే ఎవరికీ పట్టని తరగతి. చిన్నవాళ్లని ముద్దు చేసే వయసు దాటిపోయింది, పెద్దవాళ్లని భయపడేంత పరీక్ష ఇంకా రాలేదు. ఏడాదికోసారి ఫిబ్రవరిలో వాళ్ల చేతికి ఒక పెద్దపని వస్తుంది.

ముందు చందా. మనిషికి యాభయ్యా, వందా? ఇక్కడే మొదటి తగువు. వంద అనేవాళ్లు గట్టిగా అంటారు, యాభై కూడా ఇవ్వలేనివాళ్లు అసలు మాట్లాడరు. ఆ మాట్లాడనివాళ్ల సంగతి క్లాసులీడరు ఎలా తేలుస్తాడన్నదే నాకు ఆసక్తి. మంచి లీడరైతే, ఇవ్వలేని పిల్లవాడికి ముందే ఏదో పని అప్పజెప్పేస్తాడు. "నువ్వు మామిడాకులు తేరా, తోరణాలు నీ పనే" అంటాడు. చందా మాట ఇక అక్కడ రాదు. ఇది ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. మేం నేర్పిందీ కాదు.

తర్వాత బజారు. స్వీటు, మిక్చర్, అరటిపండు, కూల్‌డ్రింకు, ఇదీ పాత లెక్క. ఇప్పుడు బిర్యానీ పొట్లాలొచ్చాయి, కొన్నిచోట్ల డీజే కూడా అడుగుతున్నారు. పదోతరగతివాళ్లకు ఇచ్చే కానుక ఉండనే ఉంది, పరీక్ష అట్ట, రెండు పెన్నులు. షామియానా వాడితో బేరం, మైకువాడికి అడ్వాన్సు, ఫొటోగ్రాఫర్‌కి టైము చెప్పడం. కొత్తగా వచ్చిన సార్లు ఉత్సాహంకొద్దీ ఇవన్నీ తామే చేసేస్తామంటారు. వద్దని నేను చెప్పేవాణ్ణి. బేరంలో పిల్లలు ఓ వంద నష్టపోతే పోనివ్వండి, పౌరశాస్త్రం మొత్తానికి ఉన్న ప్రాక్టికల్ ఇదొక్కటే. చందా ఎంతకు మించకూడదో మేం చెప్పేవాళ్లం, ఆ పైన ఒకటే షరతు. మర్నాడు పొద్దున ప్రార్థన వేళకు జమాఖర్చులు నోటీసుబోర్డు మీద ఉండాలి, ఎవరు ఎంత ఇచ్చారో పేర్లు మాత్రం ఉండకూడదు.

సభలో తొమ్మిదోతరగతివాళ్లు కూర్చోరు. వడ్డిస్తారు, వైర్లు సర్దుతారు, కరెంటు పోతే జనరేటర్ కోసం పరుగెడతారు. సరస్వతీదేవి పటం ముందు హాల్‌టికెట్లు పెట్టి కొబ్బరికాయ కొడతారు. ఇప్పుడు హాల్‌టికెట్ ఫోనులోకే వచ్చేస్తోంది, అయినా పటం ముందు పెట్టడానికి ఒక కాపీ అచ్చు తీయిస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ కాగితం చూపిస్తే పరీక్ష కేంద్రానికి పల్లెవెలుగు బస్సులో టికెట్ లేకుండా వెళ్లొచ్చు. అందుకని కొందరు తల్లులు దాన్ని కొంగుకు ముడివేసుకుని తీసుకెళ్తారు. ఆఖర్న గ్రూపు ఫొటో. మధ్యలో కుర్చీల్లో టీచర్లు, వెనక బెంచీల మీద పదోతరగతి. ఆ ఫొటోలో తొమ్మిదోతరగతివాళ్లు ఎక్కడా ఉండరు, కుర్చీలు మోసింది మాత్రం వాళ్లే.

ఈ పని ఒక ఏడాది ఆగిపోతే ఏమవుతుందో మనం కళ్లారా చూశాం. 2020 మార్చిలో తెలంగాణలో పదోతరగతి పరీక్షలు మొదలై మూడు పేపర్లయ్యాక కరోనా వల్ల ఆగిపోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో మొదలే కాలేదు. చివరికి రెండు రాష్ట్రాల్లోనూ రద్దయ్యాయి, అందరూ పాసయ్యారు. 2021లోనూ అంతే. ఆ రెండో ఏడాది పిల్లలు చాలామంది బడికి చివరిరోజు ఏదో తెలియకుండానే బడి వదిలేశారు. పరీక్ష లేకుండా పాసవడం అదృష్టమే అనుకుందాం. కానీ ఆ ఏడాది తొమ్మిదోతరగతిలో ఉన్నవాళ్లు ఎవరికీ వీడ్కోలు చెప్పలేదు. వాళ్లు పదికొచ్చాక వాళ్ల కింద తొమ్మిదివాళ్లు సభ పెట్టబోతే, "ఏం చేయాలి అన్నా?" అని అడిగితే చెప్పగల సీనియరు లేడు. చేతిలోంచి చేతిలోకి పోయే పని ఒకచోట తెగింది. మళ్లీ అతకడానికి మేమే మైకువాడి ఫోను నంబరు దగ్గర్నుంచి వెతికిచ్చాం.

వీడ్కోలు సభకు తల్లుల్ని పిలవాలన్నది నేను పట్టుబట్టి చేసిన పని. నాన్నలు వస్తే సంతోషమే, అమ్మలు మాత్రం రావాలి. ఎందుకంటే ఆ రోజు కొందరితో రెండు మాటలు మాట్లాడాలి. పదోతరగతి పరీక్షలు మార్చి, ఏప్రిల్ నెలల్లో అయిపోతాయి. వేసవి ముహూర్తాలు ఆ వెంటే ఉంటాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఇరవై నుంచి ఇరవైనాలుగేళ్ల వయసున్న ఆడవాళ్లలో పద్దెనిమిది నిండకుండానే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. అంటే ఆ సభలో పువ్వులు పెట్టుకుని కూర్చున్న అమ్మాయిల్లో కొందరి పెళ్లిమాటలు అప్పటికే ఇంట్లో నడుస్తుంటాయి. క్లాస్‌టీచరుకు తెలుసు. స్నేహితురాళ్లకు ఇంకా బాగా తెలుసు. మర్నాటి నుంచి ఆ పిల్ల మా హాజరుపట్టీలో ఉండదు, అడిగే హక్కు మాకూ పలచబడుతుంది. అందుకని మిక్చర్ ప్లేటు చేతిలో ఉండగానే అడగాలి. "అమ్మా, ఇంటర్ ఎక్కడ చేరుస్తున్నారు?" తల్లి తడబడితే అక్కడ సంగతేదో ఉందన్నమాట. కస్తూర్బా విద్యాలయంలో ఇంటర్ ఉందా, పక్క మండలంలో గురుకుల కాలేజీ ఉందా, హాస్టలు ఖర్చు లేదా, ఇవన్నీ అప్పటికప్పుడు చెప్పగలగాలి. చెప్పడానికి కాగితం సిద్ధంగా పెట్టుకోవాలి.

మనం చెప్పకపోతే చెప్పేవాళ్లు వేరే ఉన్నారు. సంక్రాంతి దాటగానే ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు పదోతరగతి పిల్లల ఫోను నంబర్ల కోసం ఊళ్లు తిరుగుతుంటారు. బాగా చదివే పిల్లవాడి ఇంటికి నలుగురు వస్తారు, బొటాబొటిగా పాసయ్యేవాడి ఇంటికి ఒక్కడూ రాడు. ఆ రెండోవాడికి పాలిటెక్నిక్ ప్రవేశపరీక్ష ఉందని, ఐటీఐ ఉందని ఎవరు చెబుతారు? మొదటివాడికైనా బాసర, నూజివీడు ట్రిపుల్ ఐటీల గురించి తెలియాలి. పల్లెటూరి పిల్లల్ని పదోతరగతి కాగానే నేరుగా తీసుకోవడానికే 2008లో అవి పెట్టారు. పరీక్ష తప్పినవాళ్లకు అదే వేసవిలో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉందన్నది పరీక్షకు ముందే, సభలోనే, మైకులోనే చెప్పాలి. తప్పాక చెబితే వాళ్ల చెవికెక్కే స్థితిలో వాళ్లుండరు.

పదోతరగతి వెళ్లిపోయాక బడి చాలామంది దృష్టిలోంచి జారిపోతుంది. మార్చి నడిమి నుంచి ఒంటిపూట బడులు. తర్వాత ఆరు నుంచి తొమ్మిది తరగతుల పరీక్షలు. సాధారణంగా ఏప్రిల్ 23 ఆఖరి పనిదినం. ఆ రోజుకు పండగేమీ లేదు. ప్రోగ్రెస్ కార్డు మీద తండ్రి సంతకం తెచ్చినవాళ్లు తెస్తారు, ఎండకు భయపడి సగంమంది రారు. ఇది నాకు నచ్చేది కాదు. ఆ ఒక్క పూటను కూడా తొమ్మిదోతరగతివాళ్లకే ఇచ్చి చూశాను. లైబ్రరీ పుస్తకాలు లెక్కపెట్టి బీరువాలో సర్దడం, వేసవిలో ఇంటికి తీసుకెళ్లేవాళ్ల పేర్లు రాసుకోవడం, మొక్కలకు నీళ్లుపోసే వంతులు వేయడం, సప్లిమెంటరీ రాసే అన్నలు, అక్కలు మే నెలలో చదువుకోవడానికి వస్తే ఏ గది తెరవాలో అటెండరుతో మాట్లాడి పెట్టడం. మొదటి ఏడాది పుస్తకాల లెక్క రెండుసార్లు తప్పింది. మూడోసారి లెక్కపెట్టిన అమ్మాయి, కనపడని పుస్తకాల్లో రెండు స్టాఫ్‌రూములో ఉన్నాయని పేర్లతో సహా చీటీ రాసి నా బల్ల మీద పెట్టింది. అందులో ఒకటి నా పేరు.

మీ ఊరి బడిలోనూ ఫిబ్రవరిలో ఏదో ఒక సభ జరుగుతుంది. పూర్వ విద్యార్థులుగా పిలిస్తే వెళ్లండి. మైకు ఇస్తే రెండు నిమిషాల్లో ముగించండి. పిల్లలు రంగు వేసుకుని కూర్చున్నారు.